ఉప్పు తెలియని నాలిక

చింతపండు మీద ఉప్పునీళ్ళు చల్లారో లేదో నాకు నాలిక చివర తెలిసిపోయేది. బరువు పెరుగుతుందని కొందరు చల్లుతారు. చేత్తో పట్టుకుంటే తెలియదు, కంటికి అసలే తెలియదు. చిన్న తునక నోట్లో వేసుకుని పులుపు దిగేదాకా ఆగితే, దాని వెనక ఉప్పు నెమ్మదిగా బయటపడుతుంది. రాయగడలో మా కొట్టుకి వచ్చే సరుకులో ఏది కొండ మీది చెట్టుదో, ఏది నిరుడు మిగిలిందో, ఏది తడిసి ఆరిందో అలాగే చెప్పేవాణ్ణి. మా నాన్నకి ఉండేది ఆ నాలిక. తమ్ముడు గోపికి రాలేదు, నాకు వచ్చింది.

ఆ నాలికని కాపాడుకోవడానికి నేనేం చేశానో, దాని వల్ల నాకూ ఇంకొక మనిషికీ ఏమైందో ఇక్కడ రాస్తున్నాను. వెన్ను దెబ్బతిని, డబ్బా నిండా మాత్రలతో ఇంటికి చేరినవాళ్ళు ఎవరైనా చదువుతారని. వాళ్ళని చూసుకునే ఇంటివాళ్ళు చదివినా మంచిదే.

రెండేళ్ళ కిందటి వేసవి

లారీ నిండింది. టార్పాలిన్ కప్పబోతున్నారు. పై వరసలో ఒక బస్తా మీద నాకు అనుమానం వచ్చింది. దింపమంటే కూలీలు దింపేవాళ్ళు. నేనే ఎక్కాను. బస్తా మూతి విప్పి తునక నోట్లో వేసుకున్నాను. పులుపు దిగింది. ఉప్పు కోసం చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాను. వెనక బస్తా లేదు.

నేల మీద వెల్లకిలా పడి ఉన్నప్పుడు నోట్లో పులుపు ఇంకా ఉంది. నొప్పి కంటే ముందు వింతగా అనిపించింది. రొమ్ము కింది నుంచి ఏమీ లేదు. కాళ్ళు కనిపిస్తున్నాయి. వాటికి చెప్పులు కూడా ఉన్నాయి. కాని ఎవరివో తెచ్చి అక్కడ పెట్టి వెళ్ళినట్టున్నాయి. "గోపీ, ఉప్పుందిరా" అన్నానట. తమ్ముడు ఇప్పటికీ ఆ సంగతి చెప్పి, నవ్వబోయి ఆగిపోతాడు.

విశాఖలో ఆపరేషను అయింది. వెన్నుపాము నలిగిందన్నారు. ఎంతవరకు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. నా భార్య వరం ఆ మాట విని "సరేనండి" అంది, దుకాణంలో సరుకు లేదంటే అన్నట్టుగా. తరవాత వరండాలో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడిందట. అది నాకు గోపి చెప్పాడు.

వానాకాలం, కోరాపుట్

కుట్లు మానాక కోరాపుట్ ఆసుపత్రిలో ఉంచారు. కూర్చోవడం, కుర్చీలోకి జరగడం, గొట్టంతో మూత్రం తీసుకోవడం, పుండ్లు పడకుండా పక్కలు మారడం, అన్నీ అక్కడే నేర్పారు. వానాకాలమంతా అక్కడే గడిచింది. కిటికీలోంచి పొగమంచు వార్డులోకి వచ్చేది. మధ్యాహ్నానికి కూడా దుప్పట్లు ఆరేవి కావు.

పక్క మంచం అప్పన్నది. గుణుపురం దగ్గర పల్లెలో వ్యవసాయం. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. గడ్డి వేసుకొస్తున్న ట్రాక్టరు మీద నుంచి జారి పడ్డాడు. పడిన తీరు మా ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే కావడంతో మొదటి రోజే మాటలు కలిశాయి.

"ఎంత ఎత్తు నుంచి పడ్డావేటి సత్తిబావూ?"

"లారీ మీంచి."

"నాను ట్రాక్టరు మీంచి. సావుకారివి గదా, నీదే పెద్దదిలే."

అప్పన్న కాళ్ళు ఉన్నట్టుండి ఎగిరేవి. కదపమంటే కదలవు. వద్దన్నప్పుడు మాత్రం మోకాలు కొట్టుకుని పళ్ళెం కింద పడేది. ఒకసారి అతని భార్య నరసమ్మ అన్నం కలుపుతుంటే కాలు లేచి గిన్నెని తన్నింది. ఆమె కోపంగా చూసింది.

"నన్ను సూడకే. నా మాట ఇనదది. నువ్వొస్తే లెగిసి దణ్ణమెడతన్నాది."

"దణ్ణమెడితే కూర పారబోస్తాదేటి?" అంటూ ఆమె నేల తుడిచింది.

వార్డులో అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ కాలి మీద కుతూహలం పోలేదు. తల చెప్పకుండా కాలు ఎలా కదులుతుంది? డాక్టరమ్మని అడిగాను. ఆవిడ జయపురంలో తెలుగువాళ్ళ వీధిలో పెరిగిన ఒడియా మనిషి. తెలుగు మా మాదిరే మాట్లాడేది. దెబ్బ తగిలిన చోటికి కింద నరాలు వాటి పాటికి అవి పనిచేస్తూనే ఉంటాయని, పైనుంచి వద్దని చెప్పేవాళ్ళు లేక అలా బిగుసుకుంటాయని చెప్పింది. అప్పన్నకిచ్చే తెల్ల మాత్ర ఆ బిగుతు కోసం. నాకిచ్చేది మూత్రాశయం అలాగే బిగుసుకోకుండా ఉండడానికి. అది బిగుసుకుంటే నాకు తెలియదు. లోపలి ఒత్తిడి కిడ్నీల దాకా పోతుంది.

"అప్పన్నగారూ, ఈ మాత్రకి మగతగా ఉంటుంది. అలాగని ఒక్కసారిగా మానేయకూడదు. ప్రమాదం. సత్యంగారూ, మీకు నోరు ఎండుతుంది. ఎండినా మానకూడదు. ఏది ఇబ్బందిగా ఉన్నా ముందు నాకు చెప్పాలి."

ఇద్దరం తల ఊపాం. ఆసుపత్రి మంచం మీద తల ఊపడం చాలా తేలిక.

దసరా తరవాత, రాయగడ

ఇంటికి వచ్చాను. వీధి గదిలో మంచం వేశారు. తలుపు తీస్తే కొట్టు కనిపిస్తుంది. ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో తెలుస్తుంది. చుట్టాలు వచ్చి కాళ్ళ వైపు చూసి, చప్పున ముఖం వైపు తిప్పుకునేవారు. వరం పొద్దున్న లేస్తే నా పనులతోనే సరిపోయేది. ఆ నెలల్లో నేను ఎవరికీ పనికొచ్చే పని ఒక్కటీ చేయలేదు.

మాఘంలో కొత్త చింతపండు దిగింది. సంతల్లో కొనుక్కొచ్చే మనుషులు సరుకు తెచ్చినప్పుడు గోపి ఒక పళ్ళెంలో తునకలు పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నయ్యా, నువ్వు సూసి సెప్పు. నాకేటీ తెలీదని నీకు తెలుసు గదా."

ఆ పళ్ళెం చూసిన సంతోషం నేను మాటల్లో పెట్టలేను. కాళ్ళు పోయాయి గాని ఇది ఉంది. అందరూ చుట్టూ నిలబడ్డారు. తునక నోట్లో వేసుకున్నాను.

ఏమీ తెలియలేదు. నోరు గోనెపట్టాలా ఉంది. పులుపు ఎక్కడో దూరంగా తగిలి ఆగిపోయింది. తునక కరగలేదు, అంగిట్లో అతుక్కుంది. నీళ్ళు తాగి ఇంకోటి వేసుకున్నాను. అంతే. అందరూ చూస్తున్నారు. "మంచి సరుకే" అన్నాను. గోపి తునకల వంక ఒకసారి చూసి పళ్ళెం తీసుకెళ్ళాడు.

తరవాతి సంత రోజు పళ్ళెం రాలేదు.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. తమ్ముడికి నా మీద నమ్మకం పోయిందని, మొహాన చెప్పలేక ఊరుకున్నాడని. అడగవచ్చు కదా? గోపి పదడుగుల దూరంలో కొట్టులో ఉన్నాడు. అడగలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి నోరు ఎండుతోందని చెప్పవచ్చు. చెప్పలేదు. చింతపండు రుచి తెలియడం లేదంటే ఆసుపత్రిలో నవ్వుతారనుకున్నాను. వెన్ను విరిగినవాడికి నాలిక గొడవేమిటి అంటారనుకున్నాను.

సంత ముందు రోజు సాయంత్రమూ, సంత రోజు పొద్దున్నా ఆ మాత్ర మింగడం మానేశాను. వరం నీళ్ళ గ్లాసుతో నిలబడి నోట్లో వేసేది. నేను దాన్ని దవడ పక్కకి నెట్టి నీళ్ళు తాగేవాణ్ణి. తరవాత బయటికి తీసి దిండు కింద దాచి, సంత రోజున రుచి చూసి ఉమ్మిన చింతపండు పీచులో దాన్ని నొక్కేసేవాణ్ణి. పీచు పళ్ళెంతో పాటు బయటికి పోయేది.

నాలిక తిరిగొచ్చింది. ఆ వారం పళ్ళెం మళ్ళీ వచ్చింది. రెండో తునకలోనే ఉప్పు పట్టుకున్నాను. సరుకు తెచ్చినవాడు మొదట కాదన్నాడు, తరవాత తల గోక్కుని నవ్వేశాడు.

"సావుకారికి కాళ్ళు పోనాయి గాని నాలిక పోనేదు!"

ఆ మాట నాకు పూలదండ వేసినట్టుంది. అప్పటి నుంచి ప్రతి సంతకీ అదే పద్ధతి.

పక్కబట్టలు తడవడం ఎక్కువైంది. ఎందుకో నాకు తెలుసు. వరానికి తెలియదు. "గొట్టం సరిగ్గా పెట్టడం రావట్లేదు నీకు" అని ఆమె మీద విసుక్కున్నాను. ఒకసారి కాదు. ఆమె దుప్పట్లు పిండి దండెం మీద వేసేది. దీన్ని గురించి ఎంత రాసినా నాకు తక్కువే అనిపిస్తుంది.

ఫాల్గుణం

అప్పన్న దాదాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. అప్పుడు వాళ్ళ పల్లెలో జీడిపిక్కలు దిగుతున్నాయి. పెరట్లో ఎండబెట్టిన పిక్కలకి కాపలాగా నరసమ్మ అతని మంచాన్ని అరుగు మీద వేసి, చేతిలో పొడుగాటి కర్ర పెట్టి పొలానికి పోయేది.

"అదొక్కటే పని బావూ నాకు. అదీ సెయ్యలేకపోతన్నాను. మాత్ర ఏసుకుంటే కళ్ళు మూసుకుపోతన్నాయి. కోతులు నా మంచం కిందనుంచే ఎలిపోతన్నాయి. నిన్న ఒకటి నా కర్ర మీదే కూకుంది!"

"నరసమ్మ ఏమంది?"

"ఏటంటాది? 'కోతికీ నీకూ తేడా ఏటంటే, కోతి మెలకువగా ఉంది' అన్నాది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నేను ఆ మాట అన్నాను. నాలిక తిరిగొచ్చిన గర్వంలో ఉన్నాను. తెలిసినవాడిలా మాట్లాడాను.

"నేను సంత రోజుల్లో మానేస్తున్నాను. ఏమీ కాలేదు. నువ్వూ ఆ తెల్లది మానేసి చూడు. పిక్కలు అయిపోయాక మళ్ళీ వేసుకోవచ్చు."

"డాక్టరమ్మ ఒద్దన్నాది గదా?"

"వాళ్ళు అలాగే అంటారు. మన పని వాళ్ళకేం తెలుస్తుంది?"

"నువ్వు సెప్పేవంటే సరే" అన్నాడు.

తరవాతి సంత రోజున పళ్ళెం చేతిలో ఉండగానే నాకు తల పగిలిపోతున్నట్టు నొప్పి మొదలైంది. ముఖం మీద చెమటలు కారుతున్నాయి, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎదురుగా మనుషుల నోళ్ళు కదులుతున్నాయి గాని మాటలు గుండె చప్పుడులో కలిసిపోతున్నాయి. గోపి అరిచాడు. వరం లోపలి నుంచి పరుగున వచ్చి అందరినీ బయటికి పంపేసింది. మూత్రాశయం బిగుసుకుంటే నాలాంటివాళ్ళకి ఒక్కసారిగా రక్తపోటు ఎగురుతుందని కోరాపుట్‌లో నేర్పినదంతా ఆమెకి గుర్తుంది. నన్ను నిటారుగా కూర్చోబెట్టి గొట్టం పెట్టింది. కాసేపటికి నొప్పి దిగింది.

"పొద్దున్న మాత్ర వేసుకున్నారు కదా?"

"వేసుకున్నాను" అన్నాను. అప్పుడు కూడా.

రెండు రోజుల్లో వణుకుతో జ్వరం వచ్చింది. కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి కోరాపుట్ తీసుకెళ్ళారు. ఘాట్ మలుపుల్లో వరం నా తల పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా బయట బెంచీల దగ్గర ఉండమన్నారు. అప్పుడు ఆమె చీర కొంగు ముడి విప్పింది. అందులో కాగితం పొట్లం. పొట్లంలో చింతపండు పీచు, దానికి అతుక్కుని సగం కరిగిన మాత్ర.

"పళ్ళెం కడుగుతుంటే చేతికి తగిలింది. గొట్టం పెట్టడం నాకు రావట్లేదన్నారు కదా. అందుకని దాచాను, పక్క తడిసేది నా చేతి వల్లో దీని వల్లో డాక్టరమ్మకి చూపించి అడుగుదామని."

ఆమె గొంతు పెంచలేదు. పక్కన ఒక ముసలాయన బీడీ కట్ట తిప్పుకుంటూ మా వంకే చూస్తున్నాడు. నేను నా కాళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను.

కోరాపుట్, మళ్ళీ

సూదులు పడ్డాయి, జ్వరం తగ్గుముఖం పట్టింది. పొట్లం సంగతి డాక్టరమ్మకి వరమే చెప్పింది. ఆవిడ తిట్టలేదు. "తరవాత మాట్లాడుకుందాం" అంది. నాకు మాత్రం ఇంకో భయం మొదలైంది. అప్పన్న ఫోన్ ఎత్తడం లేదు. పిక్కలు దిగే రోజులు, పనిలో ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను.

స్కానింగ్ కోసం నన్ను చక్రాల కుర్చీలో వరండాలో ఉంచారు. అప్పుడే అప్పన్నని స్ట్రెచర్ మీద తెచ్చారు. నేను మొదట గుర్తుపట్టలేదు. కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుని ఉన్నాయి. ఒళ్ళంతా వణుకు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడడం లేదు. "తోలండి, తోలండి, మంచమెక్కీసేయి" అని చేతులు ఆడిస్తున్నాడు. కోతుల్ని తోలుతున్నాడని నాకు మాత్రమే అర్థమైంది.

నరసమ్మ నన్ను చూసి ఏడుస్తూ దగ్గరికొచ్చింది. చేతిలో ఉన్న పసుప్పచ్చ గుడ్డసంచి నా ఒళ్ళో పెట్టింది. బట్టలూ కాగితాలూ అన్నీ అందులోనే ఉన్నాయి.

"నువ్వున్నావు, సాల్లే బావూ. ఇది పట్టుకో. గుణుపురంలో సూపించేం, రాయగడ తీసుకెల్లేం, మలేరియా గావచ్చన్నారు. ఎవులికీ తెలీటం నేదు. నువ్వు సెప్పు ఆడికి. నీ మాటయితే ఇంటాడు."

డాక్టరమ్మ పరీక్ష చేస్తూనే అడిగింది. "మందులు వేసుకుంటున్నాడా?"

"అన్నీ అమ్మా. నానే సేతిలో ఎట్టి ఇచ్చేను. ఒక్కటీ మాననేదు."

డాక్టరమ్మ మలేరియా పరీక్షకి రాసింది, మెదడు జ్వరం కూడా చూడాలంది. నర్సు రక్తం తీయడానికి వంగింది. ఇదంతా నా ఎదురుగానే జరుగుతోంది. నా ఒళ్ళో సంచి ఉంది. ఆ మాత్ర మానేశాడని ఆ వరండాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పాలని తెలుసు. చెప్పలేదు. రక్తపరీక్షలో ఏదైనా దొరికితే బాగుండుననిపించింది. అవును, నా స్నేహితుడికి మలేరియా ఉండాలని కోరుకున్నాను, నా మాట బయటపడకుండా. స్ట్రెచర్‌ని తోసుకుపోతున్నారు. చక్రం ఒకటి కీచుమంటోంది.

"డాక్టరమ్మా" అన్నాను. వినపడలేదు. గట్టిగా అరిచాను. "అప్పన్న ఆ తెల్ల మాత్ర మానేశాడు. కాళ్ళ మాత్ర. ఒక్కసారిగా. నేనే మానేయమన్నాను."

ఆవిడ ఆగి వెనక్కి వచ్చింది. ఎన్ని రోజుల కిందట అని అడిగింది. చెప్పాను. పూర్తిగానా, కొంచెమా అంది. పూర్తిగానే అన్నాను. ఆవిడ నడుస్తూనే నర్సుకి ఏదో చెప్పింది, ఇద్దరూ స్ట్రెచర్‌తో పాటు లోపలికి పరిగెత్తారు.

నరసమ్మ నా ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వంగి, నా ఒళ్ళోంచి సంచి తీసుకుని, వరండా ఆ చివరికి వెళ్ళి కూర్చుంది.

ఆ మాత్రని మళ్ళీ మొదలుపెట్టి, పక్కనే ఉండి కనిపెట్టుకున్నారు. మర్నాటికి బిగుతు సడలింది. ఆ మర్నాడు అప్పన్న నన్ను గుర్తుపట్టాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది, నన్ను చూడకుండా.

వరం నా కుర్చీని అతని మంచం దగ్గరికి తోసింది.

"తప్పు నాది అప్పన్నా."

"నువ్వు సెప్పేవు, నాను ఇన్నాను. నాకు బుర్ర నేదేటి?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గానీ బావూ, ఈ వార్డుల కోతులు నిజంగా నేవా?"

"లేవు."

"మరయితే ఆటికి దండగ్గా తిట్లెట్టేను."

నేను నవ్వలేకపోయాను. నరసమ్మ మంచానికి అవతల కూర్చుని గోడ వైపు చూస్తోంది.

డిశ్చార్జి ముందు డాక్టరమ్మ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మందులు వేసుకుంటున్నారా అని ఇన్నాళ్ళూ అందరూ అడిగారు, అవునని అందరికీ చెప్పాను. ఆవిడ వేరే ప్రశ్న వేసింది.

"ఏ రోజు వేసుకోవాలనిపించదు మీకు?"

ఎవరూ అలా అడగలేదు నన్ను. సంత రోజు గురించి చెప్పాను. నాలిక గురించి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పైగా బోలెడన్ని ప్రశ్నలు వేసింది. ఉప్పు ముందు తెలుస్తుందా, పులుపు ముందా? రుచి చూసేటప్పుడు పళ్ళెం ఎంతసేపు మీ దగ్గర ఉంటుంది? ఏ వేళకి వస్తారు? నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. చివరికి నోరు తక్కువ ఎండే మందుకి మార్చింది, వేళలు సర్దింది.

"దీనికీ కొంత ఎండుతుంది. మీ పాత నాలిక పూర్తిగా వస్తుందని చెప్పను. కాని ఈ మాట మీరు మాఘంలోనే చెప్పి ఉంటే, మాఘంలోనే మార్చేదాన్ని."

ఇంటికొచ్చాక గోపిని కూడా అడిగాను, ఆ వారం పళ్ళెం ఎందుకు తేలేదని. వాడు తెల్లబోయాడు.

"ఆ వారం సరుకే రాలేదన్నయ్యా. కొండ మీద వాన పడ్డాది. నువ్వు బాగుందన్న సరుకు బాగానే అమ్ముడుపోనాది. నువ్వడిగితే సెప్పేవోణ్ణి గదా."

ఇప్పుడు

ఏడాది తిరిగింది. సంత రోజు ఇప్పుడు గోపి రుచి చూస్తాడు, నేను అడుగుతాను. పులుపు దిగాక ఏం మిగిలింది? అంచున తగిలిందా, మధ్యలోనా? వేళ్ళకి ఎంత అతుకుతోంది? మొదట్లో "ఏటో పుల్లగా ఉంది" అనేవాడు. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాడు. వాడికి ఆ నాలిక లేదని ఇన్నేళ్ళూ అనుకున్నాం. ఎవరూ వాణ్ణి అడగలేదు, అంతే.

ఆ అడగడమే డాక్టరమ్మ నాకు పనిగా కూడా అప్పగించింది. వెన్ను దెబ్బతో ఆసుపత్రి నుంచి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళలో ఇష్టపడినవాళ్ళకి ఫోన్ చేస్తాను. మందుల గురించి సలహా ఒక్కటీ చెప్పను. చెప్పే అర్హత నాకు లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఏ రోజు కష్టంగా ఉంటుందని మాత్రం అడుగుతాను. సెమిలిగుడలో టీకొట్టు నడిపే ఒకావిడ, కడుపు కదిలే మందు కొట్టు తెరిచే రోజున వేసుకోదు. వెళ్ళడానికి చోటు లేదు మరి. జయపురంలో ఒకాయన మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజ అయ్యేదాకా ఇంట్లో పొయ్యి వెలగదని పొద్దుటి మాత్రలన్నీ వదిలేస్తాడు. ఒక్కొక్కరి కారణం వింటుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఎవరూ మూర్ఖులు కారు. ఎవరి కారణం వాళ్ళకి ఎంతో ముఖ్యం, నా నాలిక నాకు ఎంత ముఖ్యమో అంత. విన్నది విన్నట్టు డాక్టరమ్మకి చెప్పమని వాళ్ళనే ఒప్పిస్తాను. చాలాసార్లు ఆవిడ ఏదో ఒక దారి చూపిస్తుంది. చూపించలేకపోయినప్పుడు కూడా, దాచడం పోతుంది.

వరం నాకు మాత్ర చేతికిస్తుంది. నిలబడి చూడదు. చూడమని నేనే అడిగాను. "నేను కాపలా కాయను" అంది. ఆ మాట కూడా న్యాయమే.

అప్పన్న మళ్ళీ సాయంత్రాలు ఫోన్ చేస్తున్నాడు. మాత్ర వేసుకుంటే నాలికకి ఉప్పు తెలియదన్న సంగతి అతనికి చెప్పేశాను. అతని మాత్రల వేళలు కూడా సర్దారు, మగత మధ్యాహ్నానికి తగ్గుతోంది. కోతుల కోసం నరసమ్మ ఒక కుక్కని పెంచుతోందట. ఆమె మాత్రం నాతో మాట్లాడలేదు. ఫోన్‌లో ఆమె గొంతు వెనకాల వినపడేది, నా పేరు రాగానే ఆగిపోయేది.

పోయిన వారం గుణుపురం బస్సులో నాకు ఒక సంచి వచ్చింది. పసుప్పచ్చ గుడ్డసంచి. గోపి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. చూడగానే గుర్తుపట్టాను. లోపల రెండు చింతపండు ముద్దలు, వేరువేరుగా ఆకులో చుట్టి ఉన్నాయి. ఆ వెంటనే అప్పన్న ఫోన్ చేశాడు.

"మా గట్టు మీద సెట్టుదే బావూ. రెండిట్లో ఒకదాన్ల ఉప్పు కలిపేం. ఏదో సెప్పు సూద్దాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఫోను పెట్టకు."

మొదటిది నోట్లో వేసుకున్నాను. పులుపు తగిలింది, దిగింది. ఆగాను. రెండోది వేసుకున్నాను. నీళ్ళు తాగి మళ్ళీ మొదటిది. నోట్లో తడి చాలడం లేదు. రెండూ ఒకలాగే ఉన్నాయి. ఏదో ఒకటి అనేయవచ్చు. సగం అవకాశం ఉంది. ఒకప్పుడైతే అనేసేవాణ్ణే.

"తెలియడం లేదు అప్పన్నా."

"నిజంగానేటి? బాగా సూసేవా?"

"రెండుసార్లు చూశాను. తెలియలేదు."

అతను ఫోన్ పక్కకి తిప్పి గట్టిగా అరిచాడు. "ఓలే, తెలీనేదంట! మాత్రలు ఏసుకుంటన్నాడు!"

తరవాత ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఏడాది తరవాత నరసమ్మ గొంతు నాతో మాట్లాడింది.

"ఉప్పు కలిపింది నానే బావూ. పిడికెడు. కళ్ళు మూసుకున్నోడికి కూడా తెలస్తాది. ఆ సంచి ఉంచు. మల్లీ పంపుతాను."